కాబోయే కార్పొరేటర్‌కు ఒక నీరటి మనవడి బహిరంగ లేఖ

కాబోయే కార్పొరేటర్ గారికి,



మీరు ఆడవారో మగవారో, ఏ జెండా పట్టుకొస్తారో, మన వార్డు ఎవరికి రిజర్వ్ అవుతుందో నాకు పట్టింపు లేదు. ప్రచారానికి వచ్చినప్పుడు మీరు మాట్లాడబోయే మాటలు మాత్రం ఇప్పటికే నా చెవిలో మోగుతున్నాయి. పొద్దున బొడ్రాయి దగ్గర నిలబడి, "మన భూములు పాయె, మన నీళ్లు పాయె, నిన్నమొన్న వచ్చినోళ్ల పెత్తనమేంది?" అంటారు. సాయంత్రం అపార్ట్‌మెంటు టవర్ల క్లబ్‌హౌసులో ఏసీ కింద కూర్చుని, "పన్నులు కట్టేది మీరు. ఈ డీజేలూ బర్రెలూ ఇకమీద కనపడవు" అంటారు. రెండు చోట్లా చప్పట్లు పడతాయి. ఆ రెండు మాటలూ మీ నోటి నుంచి రాకముందే ఈ ఉత్తరం మీకు చేరాలని రాస్తున్నాను.

నాది గండిపేట మండలంలో, నార్సింగికీ కోకాపేటకూ నడుమ ఒక పాత ఊరు. ముప్పై రెండేళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా తాత ఈ ఊరి నీరటి. చెరువు తూము తెరిచి మూసేవాడు, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేవాడు, వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని కట్ట మీద తిరిగేవాడు నీరటి. జీతం లేదు. కోతలప్పుడు ప్రతి రైతూ కళ్లంలో ఇంత ధాన్యం మేరగా కొలిచి పోసేవాడు. నేను రాసేదంతా ఆ కట్ట మీద నిలబడి చూసిందే.

ఊరు మారిన తీరు రెండు ముక్కల్లో చెప్తాను. 1996లో మా అక్క పెండ్లికి నాయన ఎకరంన్నర అమ్మాడు. ఆ పైసలతో పెండ్లి అయింది, ఇంటి మీద రేకులు మారాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. గుట్టల్లో అద్దాల మేడ ఎవరికని మేం నవ్వుకున్నాం. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా తెరుచుకుంది. ఆ తర్వాత నవ్వడం మానేశాం. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటిందని టీవీలో చెప్తుంటే మా అమ్మ, "వంద కోట్లంటే ఎన్ని సున్నలు బిడ్డా?" అని అడిగింది. లెక్కల సారునై ఉండి కూడా వేళ్లు మడిచి చెప్పాల్సి వచ్చింది.

ఇదే కాలంలో పరిపాలన కూడా మారిపోయింది. 2018లో పంచాయతీలు పోయి మునిసిపాలిటీ వచ్చింది. 2025 డిసెంబరులో ఔటర్ చుట్టుపక్కల 27 పట్టణ సంస్థల్లో ఒకటిగా మేమూ మహానగరంలో కలిశాం. ఏడేళ్లలో మూడు బోర్డులు చూశాం. ఒకప్పుడు సర్పంచి అరుగు మీద తెల్లారేలోపు తెగిపోయే పంచాయితీ ఇప్పుడు ఎవరి దగ్గర తెగాలో పాతవాళ్లకూ తెలియదు, కొత్తవాళ్లకూ తెలియదు. అందుకే అది పోలీసు పెట్రోలింగ్ కారు దాకానో, వాట్సాప్ గ్రూపు దాకానో పోతోంది.

టవర్లలో ఇద్దరు పిల్లలకు లెక్కలు చెబుతాను కాబట్టి రెండు దిక్కుల మాటలూ నాకు వినబడతాయి. అటువైపు గోడు ఇది: రాత్రి పదకొండైనా డీజే ఆగదు. బర్రెలు నడిరోడ్డు మీద పడుకుంటాయి. చికెన్ సెంటర్ల చెత్త నాలాలో తేలుతుంది. గణేశ్ చందా పుస్తకం పట్టుకొచ్చే పిల్లలు అంకె వాళ్లే రాసుకొస్తారు. ట్యాంకరు ధర ఎండాకాలం ఏ రోజుకారోజే పెరుగుతుంది. ఇటువైపు గోడు ఇంకోటి: గేటు దగ్గర పేరు, ఫోన్ నంబరు, ఫొటో ఇస్తే తప్ప లోపలికి రానివ్వరు. పనికి పోయే మా ఆడవాళ్లకు వేరే లిఫ్టు. వాళ్ల మురుగు మన చెరువులోకి. నోరు తెరిస్తే మన యాసకు నవ్వుతారు. మనల్ని 'లోకల్స్' అంటారు, ఏదో మొక్కల జాతి పేరు చెప్పినట్టు.

మనకు మనం అబద్ధం చెప్పుకోవద్దు. డీజే సంగతిలో న్యాయం వాళ్లదే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మైకులు మోగకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. మా తాత నాటి బోనాల్లో డప్పు ఉంది, పోతరాజు కొరడా చప్పుడు ఉంది, డీజే లేదు. లెక్క ప్రకారం చూస్తే డీజే కూడా మా ఊరికి కొత్తగా వచ్చిందే, టవర్ల తర్వాత. ట్యాంకర్ల సంగతి ఇంకా చేదు. చెరువు ఎండిందని ఏడ్చేది మనమే. పక్కనే వెయ్యి ఫీట్ల బోరేసి ట్యాంకర్లు నింపి టవర్లకు అమ్మేదీ మనమే. ఇక వేరే లిఫ్టు సంగతంటారా, దానికి ఏ నియమమూ లేదు, ఏ న్యాయమూ లేదు. పొద్దున తమ పిల్లను ఎత్తుకునే చేయి సాయంత్రం తమ లిఫ్టు బటన్ నొక్కకూడదనడం పాత ఊళ్ల పాత రోగమే. అద్దాల మేడలోకి మారింది, అంతే.

కానీ చప్పుడూ వాసనా యాసా గురించి ఎంత మాట్లాడినా అసలు తగాదా అక్కడ లేదు. అదెక్కడుందో నిరుడు శ్రావణంలో నాకు తెలిసింది.

సిటీలో బోనాలు ఆషాఢంలో. మా దగ్గర శ్రావణంలో. కట్టమైసమ్మ గుడి చెరువు కట్ట కింద ఉంటుంది. ఊరి నుంచి అక్కడికి ఒకప్పుడు బండ్ల బాట ఉండేది. ఇప్పుడు ఆ బాటకు అడ్డంగా ఒక గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ ఉంది. ఆరేళ్ల పాటు బోనాల రోజున వెనక గేటు తీసి జనాన్ని పోనిచ్చారు. నిరుడు కొత్త కమిటీ వచ్చింది. గేటు తీయలేదు.

బోనం నెత్తికెత్తుకున్నాక అమ్మవారి ముందే దించాలి, నడుమ దించకూడదు. నలభై మంది ఆడవాళ్లు, కుండల మీద దీపాలు వెలుగుతుండగా, గేటు ముందు ముప్పావు గంట నిలబడ్డారు. డప్పులు ఆగిపోయాయి. కుర్రాళ్లు గేటు ఊపడం మొదలుపెట్టారు. లోపలి నుంచి ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. మాట్లాడదామని ముందుకొచ్చిన కమిటీ కార్యదర్శికి ముప్పై ఐదేళ్లుంటాయేమో. చేతిలో సేల్ డీడ్ పట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, ఇందులో ఈ దారి లేదండి. బ్యాంకు లాయరు చూశాడు, అప్పు ఇచ్చింది దీన్ని చూసే. ఇంకో ఇరవై రెండేళ్లు వాయిదాలు కట్టాలి. మా పిల్లలు ఆడుకునే చోట అందరికీ హక్కుందంటే ఎలాగండీ?" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నా పక్కన నిలబడ్డ మా మేనత్త, "నేను కాపురానికొచ్చిన నాడు ఈ బాట మీదికెల్లే బోనమెత్తుకపోయిన" అంది. అదీ అబద్ధం కాదు.

పోలీసులొచ్చారు. గేటు అరగంట తెరిపించారు. "ఈ ఒక్కసారికి" అన్నారు. ఆ మాట గేటు మూయడం కంటే ఎక్కువ గుచ్చుకుంది. వందేళ్లుగా నడిచిన దారిలో ఒక్కసారికి పోనిస్తామంటే, దారి మనది కాదని అప్పుడే తీర్పు అయిపోయినట్టు.

మరునాడు దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, రెండు వారాలు తిరిగి మా గ్రామ నక్ష నకలు తెచ్చుకున్నాను. టేబుల్ మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. ఊరి నుంచి చెరువు కట్ట దాకా చుక్కల గీత ఉంది. నక్షబాట. దాని మీద ఇప్పుడు పిల్లల పార్కూ, బి బ్లాకు సెల్లారులోకి దిగే ర్యాంపూ ఉన్నాయి. వెంచరు వేసినవాళ్లు బాటకు అటుపక్క చేనూ ఇటుపక్క చేనూ కొన్నారు. నడుమ బాటను కొనలేదు, కొనడానికి అది ఎవరిదీ కాదు. ఊరికే కలిపేసుకున్నారు.

నక్ష తీసుకుని ఆ కార్యదర్శి ఇంటికి పోయాను. చాలాసేపు చూశాడు. "అంటే మమ్మల్ని కూడా మోసం చేశారా?" అన్నాడు. 'కూడా' అన్న ఆ మాట దగ్గర మా ఇద్దరి తగాదా సగం తెగిపోయింది.

మన హక్కులన్నీ నోటిమాట మీద ఉన్నాయి. ఏ బాటన పోవాలి, అలుగు నీళ్లు ఏ వాగులోకి దిగాలి, బతుకమ్మను ఏ రేవులో వదలాలి, పీనుగను ఏ దారిన తీసుకుపోవాలి అన్నవి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాసిపెట్టలేదు. కొత్తగా వచ్చినవాళ్ల హక్కులన్నీ కాగితం మీద ఉన్నాయి. ఊరు పరాయిది, మనుషులు పరాయి, వాళ్లు నమ్మగలిగింది కాగితాన్ని ఒక్కదాన్నే. మన నోటిమాటకూ వాళ్ల కాగితానికీ నడుమ ఉన్న సందులో ఎవరెవరో గోడలు కట్టుకుని, అమ్ముకుని, పోయారు. గోడకు ఇటు మనమూ అటు వాళ్లూ మిగిలి ఒకరినొకరు తిట్టుకుంటున్నాం.

ఆ రోజు ఇంకో ముచ్చట కూడా బయటపడింది. బి బ్లాకు సెల్లారులో ఏటా వానాకాలం నీళ్లు ఊరతాయి. వాటర్‌ప్రూఫింగ్ పేరిట లక్షలు పోశారు, అయినా ఆగలేదు. ఆ కమ్యూనిటీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేసేది మా చిన్నాయన కొడుకే. నాతో పాటు అతనూ లోపలికి వచ్చి నిలబడ్డాడు. నక్ష చూస్తూ వేలు పెట్టి, "ఇది మా ఊటబావి జాగ సార్. నడి ఎండల్లో గూడ ఎండకపోయేది. ఎంత సిమెంటు పోసినా అది ఊరుతనే ఉంటది" అన్నాడు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని కార్యదర్శి అడిగాడు. "మీరు అడగలే సార్" అన్నాడు మావాడు. ఇప్పుడు అక్కడ సంపు తవ్వి ఆ నీటిని తోటకూ ఫ్లష్ ట్యాంకులకూ వాడుతున్నారు. రోజుకు రెండు ట్యాంకర్లు తగ్గాయి. మావాడి జీతం పెరగలేదు, అది వేరే సంగతి.

ఇది ఒక్క సెల్లారు కథ కాదు. ఈ నగరం చుట్టూ చెరువులు గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. మా ఊరి అలుగు నీళ్లు పాత వాగు వెతుక్కుంటూ వచ్చి, ఆ వాగు మీద కట్టిన విల్లాల హాళ్లలోకి పోయాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెప్తూనే ఉన్నాయి. పెద్ద వెంచర్లు లోపలి భూములకు పోయేందుకు అంచున 9 మీటర్ల బాట వదలాలని చెప్పేవీ అవే. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కట్ట మీద తిరిగి చూసే నీరటి మాత్రం లేడు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చింది, బుల్డోజర్లు వచ్చాయి. బుల్డోజరు వచ్చేసరికి ఎవరో ఒకరు జీవితమంతా దాచింది ఆ గోడల్లో పెట్టేసి ఉంటారు. వాగు ఎక్కడుందో పునాది తీయకముందు చెప్పగలిగినవాడు ఊళ్లో అరుగు మీదే కూర్చుని ఉంటాడు. అతన్ని అడిగే ఫారం ఏ ఆఫీసులోనూ ఉండదు.

ఇక 'ఎవరు పాత, ఎవరు కొత్త' అన్న ప్రశ్న. మీరు దాని జోలికి పోతే జాగ్రత్తగా పోండి. మా అమ్మమ్మ తరఫువాళ్లు గండిపేట చెరువు కడుతున్నప్పుడు మట్టి మోయడానికి పాలమూరు నుంచి వచ్చారు. ఆ కట్ట 1920లో పూర్తయింది. పని అయిపోయినా వాళ్లు వెనక్కి పోలేదు. నేను చిన్నప్పుడు కూడా ఊళ్లో కొందరు మా అమ్మమ్మను 'పాలమూరామె' అనే పిలిచేవాళ్లు. యాభై ఏళ్ల కాపురం తర్వాత కూడా.

ఎవరు స్థానికులో తేల్చడానికి 1919 నాటి నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనల్లో రెండు షరతులుండేవి. పదిహేనేళ్లు ఇక్కడ ఉండాలి. వెనకటి ఊరికి తిరిగి పోయే ఆలోచన వదులుకున్నానని ప్రమాణ పత్రం ఇవ్వాలి. అది నౌకరీల కోసం పెట్టిన నిబంధన. దాని చుట్టూ 1952లోనూ 1969లోనూ ఎంత నెత్తురు పారిందో మా తరానికి తెలుసు. దాన్ని తిరిగి తెమ్మని నేననడం లేదు. కానీ ఆ రెండో షరతు గురించి తరచూ ఆలోచిస్తాను. ఏళ్లు లెక్కపెట్టడం గుమాస్తా పని. ఇక్కడ ఉండిపోదామన్న మనసుందా అన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న టవర్లలో అడిగితే చాలామంది తల దించుకుంటారు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటారు, ఓటు మాత్రం భీమవరంలోనో ఒంగోలులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. సంక్రాంతికి విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరతాయి. అది తప్పు కాదు, కన్నవాళ్లను చూడ్డానికి పోతారు. కానీ ఓటు కూడా అక్కడే ఉంచుకుని, ఇక్కడి రోడ్డు ఎందుకు బాగా లేదంటే ఎట్లా? 2020 డిసెంబరు నగర ఎన్నికల్లో పోలింగు 46 శాతం చిల్లర. ఓటు ఇక్కడికి మార్చుకునే ఫారం-8 ఈ రోజుల్లో ఫోన్‌లోనే నింపొచ్చు. నా దృష్టిలో ఈనాటి ముల్కీ ప్రమాణ పత్రం అదే. అది ఇచ్చిన మనిషిని ఎవరైనా 'సెటిలర్' అంటే నేను ఊరుకోను.

మరి కొత్తవాళ్లంటే టవర్లవాళ్లేనా? ఆ టవర్లు కట్టినవాళ్లు ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చారు, మా పాలమూరు నుంచి వచ్చారు. రేకుల షెడ్లలో ఉంటారు. వాళ్లకు ఊరి గ్రూపులో చోటు లేదు, టవరు గ్రూపులోనూ చోటు లేదు. నేను రిటైరైన ఏడాది మా బడి ఐదో తరగతిలో 41 మంది పిల్లలుంటే, ఊరి పిల్లలు ఆరుగురు. మిగతావాళ్లంతా ఆ షెడ్ల పిల్లలే. మన పిల్లల్ని మనం ప్రైవేటు బస్సు ఎక్కించాం. మన తాతలు చందాలేసి కట్టుకున్న బడిని ఇవాళ నిలబెడుతున్నది ఆ పిల్లలే. నల్లా నీళ్లు, బాత్రూములు, రేషన్ అడిగే గొంతు వాళ్లకు లేదు. మీరు గెలిచాక మొదట పోవాల్సింది బొడ్రాయి దగ్గరికీ కాదు, క్లబ్‌హౌసుకూ కాదు, ఆ షెడ్లకు.

నేను అడిగేవి ఎక్కువ లేవు.

ఒకటి. గెలిచిన మొదటి వందరోజుల్లో గ్రామ నక్ష చేతబట్టుకుని వార్డంతా నడవండి. వెంట ఊరి ముసలివాళ్లు నలుగురు, టవర్ల నుంచి నలుగురు, ఒక సర్వేయరు. బాటలు, వాగులు, అలుగులు, శ్మశానాలు, గుళ్లూ దర్గాలూ ఆశూర్‌ఖానాలూ ఏవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, ఎవరైనా చూడగలిగేట్టు వార్డు ఆఫీసు గోడకు అంటించండి. రేపు ఫ్లాటు కొనేవాడు సేల్ డీడ్‌తో పాటు ఆ గోడ కూడా చూసుకుంటాడు.

రెండు. కట్టేసినదాన్ని కూల్చమనను. ఆ నక్షబాట ర్యాంపు కిందికి పోయింది, అది తిరిగి రాదని నాకూ తెలుసు. దాని బదులు ప్రహరీ అంచున బాట ఇప్పించండి. 'ఈ ఒక్కసారికి' అని కాకుండా, హక్కుగా, రాతపూర్వకంగా.

మూడు. మహిళలు, యువకులు, వృద్ధులు, ప్రముఖులు అంటూ వార్డుకు నాలుగు కమిటీలుండాలని మహానగర చట్టానికి 2020లో చేసిన సవరణలో రాశారు. మీరొచ్చాక ఆ కమిటీలు వేసేటప్పుడు మీ బావమరుదులతో నింపకండి. ఒక కుర్చీలో బర్రెలు కాసే ఆయన, పక్క కుర్చీలో కోడింగు చేసే ఆమె కూర్చోవాలి. బోనాలకూ మొహర్రం పీరీలకూ గణేశ్ నిమజ్జనానికీ ఏ దారి, ఏ వేళ, ఎంత చప్పుడు అన్నది నెల ముందే అక్కడ తేలాలి. డీజే వద్దని ఊరివాళ్లతో, గేటు తీయమని టవర్లవాళ్లతో చెప్పే ధైర్యం ఆ గదిలో మీకుండాలి.

నాలుగు. మా తగాదా మీద గెలవకండి. అది తేలిక దారి. కానీ ఆ దారిన గెలిచినవాళ్లకు ఐదేళ్ల పాటు ఆ తగాదాను మేపడమే పని అవుతుంది.

మా తాత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చెరువులో నీళ్లు తక్కువున్న ఏడు, తూము తీస్తే ముందు ఆయకట్టు చివరి మడికి పారించేవాడట. తూము పక్క మడులు పెద్దవాళ్లవి. వాళ్లు కోప్పడితే, "నీ మడి కట్ట పక్కనే ఉంది దొరా, నీళ్లు కాకపోతే తేమన్నా తగుల్తది. వానికి అదీ లేదు" అనేవాడని మా నాయన చెప్పేవాడు. అయినా కోతలప్పుడు వాళ్లూ మేర కొలిచారు. ఎందుకంటే ఆయనకు ఆ ఆయకట్టులో సొంత మడి లేదు.

ఈసారి శ్రావణంలో బోనాల నాడు పొద్దున ఆరింటికి కట్ట మీద ఉంటాను. కార్యదర్శి కూడా వస్తానన్నాడు. మా చిన్నాయన కొడుకు ఆ రోజుకు సెలవు అడిగాడు, ఇంకా ఇవ్వలేదు. నక్ష నా సంచిలో ఉంటుంది. కండువా లేకున్నా పర్వాలేదు, గట్టి చెప్పులేసుకుని రండి. చివరి ఫర్లాంగు ముళ్లచెట్లు పెరిగాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
గండిపేట మండలం